సి.కె. నాయుడు పేరు పెట్టిన పిచ్ గురించి క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కందుకూరు దగ్గర మా ఊరి మైదానానికి సి.కె. నాయుడు పేరు పెట్టి, టర్ఫ్ (మట్టి, గడ్డి) క్రికెట్ పిచ్ వేయించి, శిలాఫలకం ఆవిష్కరించిన సంగతి తమకు తెలియంది కాదు. సోమవారం గ్రీవెన్స్‌లో మూడు అర్జీలిచ్చాం. మూడింటికీ ‘సమస్య పరిష్కరించడమైనది’ అని ఫోనుకు మెసేజి వచ్చింది. పిచ్ మీది నెర్రెలు మాత్రం ఆ మెసేజి చదువుకున్నట్టు లేవు.

ముందు ఫలకం. ‘జననం 31-10-1985’ అని చెక్కారు. ఆయన పుట్టింది 1895లో, నాగపూర్‌లో. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన దేశం తొలి టెస్టుకు కెప్టెన్. ఫలకం లెక్కన పుట్టడానికి 53 ఏళ్ల ముందే టాస్‌కు వెళ్లారన్నమాట. రాయి చెక్కేవాడికి అది పూట పని. ఏడాది కావస్తోంది.

ఫలకం తప్పయితే నవ్వుకుని ఊరుకుంటాం. పిచ్ తప్పయితే పిల్లల పళ్లు రాలతాయి.

జయంతికే ప్రారంభించాలన్న తొందర కొంప ముంచింది. అక్టోబరు నెలాఖరంటే మన దగ్గర తుపాను రోజులు. ఆ మట్టి పని ఎండల్లో చేసేది. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఆరంగుళాల మందానికి 330 ఘనపుటడుగుల రేగడి కావాలి. రోలర్ కింద అణిగేది కూడా కలుపుకుంటే ట్రాక్టరుకు ఐదు ట్రిప్పులు. తోలింది రెండే. అడుగున గులక, ఇసుక పరిచి, రేగడిని రెండంగుళాల చొప్పున పోసి, ఒక్కో పొరా తొక్కించి, దాని పైభాగం గీకి, అప్పుడు తర్వాతి పొర పోయాలి. గీకకపోతే పొరకు పొర అతకదు, బంతి పడ్డచోట పెచ్చు లేస్తుంది. ఇక్కడ చెరువు మట్టి ఒకేసారి కుమ్మరించి, తడి ఆరకముందే రోడ్డు రోలర్ ఎక్కించారు. పైన పెంకు కట్టింది, లోపల బురద. ఎండలు ముదిరేసరికి పెంకు పగిలింది. ఇప్పుడు గుడ్ లెంగ్త్ (బౌలర్లు ఎక్కువగా బంతి వేసే చోటు) దగ్గర నెర్రెలో చూపుడువేలు రెండో కణుపు దాకా దిగుతుంది. దాని అంచుకు తగిలిన బంతి గడ్డం మీదికి లేస్తుంది, నడిమిన పడింది నేల మీద పాకుతుంది. పైగా తూర్పు పడమరలుగా వేశారు! సాయంత్రం పడమర చూసే బ్యాట్స్‌మన్‌కు బౌలర్ చెయ్యే కనపడదు.

ఎవరి పేరు పెట్టారో చూడండి. 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషి. లార్డ్స్‌లో క్యాచ్‌కు పోయి చేతికి దెబ్బ తగిలినా, తొలి ఇన్నింగ్స్ 189లో అందరికన్నా ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. ఆ పర్యటనకు అసలు కెప్టెన్ పోరుబందరు మహారాజు. తన ఆట అంతంతమాత్రమేనని తనకు తెలుసు కాబట్టి టెస్టుకు తప్పుకున్నారు. మా పిచ్ వేసిన కాంట్రాక్టరుకు ఆ మర్యాద ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పాతది తవ్వించి ఉత్తర దక్షిణాలుగా వేయించండి. టన్ను రోలర్ ఒకటి, నీళ్ల కుళాయి ఒకటి ఇప్పించండి. కాదంటే సిమెంటు పలక పోయించి కొబ్బరిపీచు మ్యాటయినా ఇవ్వండి, బిగించే మేకులతో సహా. ఆయన కాలంలో మన దగ్గర చాలాచోట్ల మ్యాట్ మీదే ఆడేవాళ్లు, మాకేం నామోషీ లేదు.

ఈ 31న మళ్లీ పూలదండలతో వస్తామని కబురొచ్చింది. దండలు వద్దండీ. ఆ డబ్బుతో రేగడి తోలించి పట్టా కప్పించండి. ఫిబ్రవరిలో పోసుకుంటాం.

ఇట్లు,
ఆ మైదానంలో ఆడే పిల్లల తరఫున