ఎర్ర అంచు గిన్నెల గురించి మా పాత కొనుగోలుదారులకు

సంక్రాంతి తర్వాత మా దగ్గర ఎర్ర అంచు గిన్నెలు కొన్నవారిలో పదిహేడు మంది ఇప్పటివరకు ఫోన్ చేశారు. అంచు మీది లక్క ఎండలు ముదిరాక వేలికి అంటుకుంటోందని కొందరు, పెచ్చులుగా లేచి కింద కర్ర కనిపిస్తోందని మరికొందరు చెప్పారు. వారు చెప్పింది నిజం. లోపం వాడకంలో లేదు, గిన్నెలోనే ఉంది. మిగిలినవారు కూడా ఫోన్ చేసేదాకా ఊరుకోవడం న్యాయం కాదు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏటికొప్పాకలో మేమంతా చేసే పద్ధతి ఒక్కటే. అంకుడు కర్ర గిన్నె లేత్ మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని అంచుకు గట్టిగా ఆనిస్తాం. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది, ఆ వేడి ఆరకముందే మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఇందులో బ్రష్షు లేదు, పెయింటు లేదు. ఫోన్ చేసినవారిలో ఒకరు “ఫ్యాక్టరీ పెయింటు పూసి చేతిపని అని అమ్ముతున్నారా?” అని అడిగారు. గిన్నె పాడైనందుకు ఎన్ని మాటలన్నా పడతాను గానీ, ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే లక్కే మాకు ముడిసరుకు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే గింజ లక్కను, అంటే కొమ్మల నుంచి గీకి కడిగిన లక్క పలుకులను కొని, బొగ్గుల మీద మేమే కరిగించి, జాఫ్రా గింజల రంగు కలిపి కడ్డీలు చేసుకుంటాం. క్రితం శీతాకాలంలో గింజ లక్క సమయానికి దొరకలేదు. పండుగ ఆర్డర్లు పేరుకుపోయిన ఆ వారంలో, పదకొండేళ్లుగా మాకు సరుకు ఇస్తున్న వ్యాపారి కరిగించి పోసిన పలకలు పంపి, ఇదీ అదే లక్క అన్నాడు. నేను పరీక్షించకుండానే దించుకున్నాను. మా దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద మేస్త్రి రెండో రోజే “బాబూ, ఈ లక్క సాగట్లేదు, తెగిపోతోంది” అన్నాడు. కాస్త వేడి పెంచి చూడమని చెప్పి నేను పార్సిళ్ల దగ్గరికి వెళ్లిపోయాను. ఆ వ్యాపారి చేసిన మోసం కన్నా నా ఈ నిర్లక్ష్యమే పెద్ద తప్పని నేను అనుకుంటున్నాను.

ఫిర్యాదులు మొదలయ్యాక మిగిలిన పలకలో ఒక ముక్కను, పాత గింజ లక్క ముక్కను పక్కపక్కనే వేడిచేశాను. పాత లక్క వెంట్రుకంత సన్నని తీగగా సాగి, వంచితే వంగింది. పలక ముక్క జానెడు కూడా సాగకుండా పుటుక్కున విరిగింది, గుగ్గిలం పొగలాంటి వాసన వచ్చింది. చవక రెసిన్ కలిపితే లక్క త్వరగా మెత్తబడుతుంది, ఆరితే పెళుసెక్కుతుంది. ఆ వ్యాపారిని నిలదీస్తే “ఆ మాత్రం అందరూ కలుపుతారు” అన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. అతనితో లావాదేవీ అంతటితో ముగించాను.

అసలు నన్ను మూడు వారాలు వేధించిన ప్రశ్న వేరు. మంచి లక్క అయినా సరే, తినే గిన్నె పెదవి మీద అది ఉండవలసిందేనా? వేడి సాంబారు తగిలితే లక్క మెత్తబడుతుంది, సోడా ఉన్న సబ్బునీళ్లకు కరుగుతుంది. పైగా కర్ర ఆరుతున్నకొద్దీ అడ్డంగా ఎక్కువ, నిలువుగా బహుకొద్దిగా కుదించుకుంటుంది కనుక గుండ్రని అంచు కాలక్రమంలో కోలగా మారుతుంది, పైనున్న లక్క ఆ కదలికను తట్టుకోలేక పగులుతుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. మా నాన్నగారు రంగును అంచు చివరిదాకా తెచ్చేవారు, ఆ ఎర్రటి పెదవిని చూసే మా గిన్నెను గుర్తుపట్టేవారు, దాన్ని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. పెయింటు వేస్తే సమస్య తీరుతుందని సలహా ఇచ్చినవారున్నారు. రసాయన రంగులు వదిలి చెట్ల రంగులకు మళ్లడానికి ఈ ఊరు ఎంత శ్రమపడిందో, ఆ కృషికి మా ఊరి కళాకారుడు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఎందుకు వచ్చిందో తెలిసిన నేను ఆ పని చేయను.

చివరికి తీసుకున్న నిర్ణయం ఇది. ఇకపై తినడానికి వాడే గిన్నెల పెదవి వట్టి కర్రగానే ఉంటుంది. దాని కింద ఉలి మొనతో సన్నని గాడి తీసి, రెండు చివరలా కర్ర పిడులు కట్టిన ఇనుప తీగను తిరుగుతున్న గిన్నె మీద బిగించి పట్టుకుంటాం. కొద్ది క్షణాల్లో పొగ లేచి, గాడి నల్లగా కాలి, కాటుక దిద్దినట్టు గీత పడుతుంది. అది కర్రలోనే ఉంటుంది కాబట్టి పెచ్చులూడటానికి ఏమీ లేదు. ఎర్ర పట్టీ గిన్నె బయటివైపు, వేలెడంత కిందికి దిగుతుంది. కుంకుమ గిన్నెలు, ఎండు ద్రాక్ష, జీడిపప్పు పెట్టుకునే గిన్నెలు మాత్రం పాత పద్ధతిలోనే వస్తాయి.

సంక్రాంతి తర్వాత కొన్న ఎర్ర అంచు గిన్నెలను, అవి బాగానే కనిపిస్తున్నా సరే, మాకు పంపండి. రానూపోనూ ఖర్చు మాదే. పాత లక్కను ఉలితో పూర్తిగా తీసి, కొత్త పద్ధతిలో అంచు చేసి నెల రోజుల్లో తిరిగి పంపుతాం, వద్దనుకునేవారికి డబ్బు వాపసు ఇస్తాం. ప్రతి కొత్త లక్క మూటలోంచి ఒక ముక్కను కరిగించి తీగ లాగి చూసే పని ఇప్పుడు ఆ పెద్ద మేస్త్రిదే, ఆయన సరేననే వరకు మూట లేత్ దగ్గరికి రాదు. పెదవి మీదే ఎరుపు కావాలని అడిగేవారు దయచేసి నన్ను ఒత్తిడి చేయవద్దు.