పళ్లెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా ఆకు సారం క్యాన్సర్ మూలకణాలను చంపేస్తుందన్న వార్తలు ఆరోగ్య పేజీల్లో తరచూ వస్తున్నాయి. కీమోకు లొంగకుండా మిగిలి, కణితి తిరగబెట్టడానికి ఈ కణాలే కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. టొరంటోలో జాన్ డిక్ బృందం 1990లలో వీటిని రక్త క్యాన్సర్‌లో గుర్తించింది. పసుపులోని కర్క్యుమిన్, అశ్వగంధలోని విథాఫెరిన్-ఎ ప్రయోగశాలలో వీటిని అణచిన మాట నిజమే. అయితే గాజు పళ్లెంలో కణాల మీద నేరుగా పోసిన మోతాదు పసుపు పాలు తాగితే రక్తంలోకి చేరదు. కర్క్యుమిన్ పేగుల నుంచి ఒంటికి పట్టేదే బహు తక్కువ.

వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి కనుక మొక్కలంటే నాకు చులకన లేదు. పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ వాడే విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్లగన్నేరులోదే. కానీ టన్ను ఎండుటాకును శుద్ధి చేస్తే దక్కేది కొద్ది గ్రాములు, అదీ మోతాదు తప్పితే నరాలను దెబ్బతీసే విషం. అమెరికాలోని ఐడహోలో ఒక అడవి మొక్కను మేసిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. అందుకు కారణమైన, ఆ మొక్కలోని సైక్లోపమిన్ అనే పదార్థం, మూలకణాలకు కీలకమైన హెడ్జ్‌హాగ్ సంకేత మార్గాన్ని (కణాలకు పెరగమని సూచనలు చేరవేసే వ్యవస్థను) అడ్డుకుంటుందని తర్వాత తేలింది. అదే మార్గం మీద పనిచేసేలా ప్రయోగశాలలో తయారుచేసిన విస్మోడెగిబ్ అనే మందుకు ఒక రకం చర్మ క్యాన్సర్‌కు అనుమతి లభించింది 2012లో. రోగికి ఇస్తున్నది మాత్రను, ఆ మొక్కను కాదు.

మా వీధిలో ఒకావిడ రొమ్ము క్యాన్సర్‌కు మూడో కీమోతో వైద్యం ఆపేసి, పత్రికలోంచి కత్తిరించిన ఇలాంటి వార్త ముక్కను ఫ్రిజ్ తలుపుకు అంటించుకుని, పొద్దున్నే లక్ష్మణఫలం ఆకు కషాయం తాగేవారు. ఐదు నెలలకు మళ్లీ ఆసుపత్రికి వెళ్లేసరికి చంకలో గడ్డలు తేలాయి. ఆ ఆకులోని అనోనాసిన్ నరకణాలకు హాని చేస్తుందని ఆ ముక్కలో ఎక్కడా లేదు.

క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. ప్రకటనకు ఉన్న ఆ కట్టడి వార్తకు లేదు. కాబట్టి ఇలాంటి ప్రతి వార్తలోనూ, ప్రయోగం జరిగింది పళ్లెంలోనా, ఎలుకలోనా, మనుషుల్లోనా, మనుషుల్లోనైతే ఎంతమందిలో అన్నది శీర్షిక కిందే ఒక్క వాక్యంలో ముద్రించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి