ఆఫ్రికా రచయిత వచ్చేలోపు అతని పుస్తకం తెలుగులో రావాలి

గౌరవనీయులైన తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఏటా ఆఫ్రికా రచయితలకు ఒక వేదిక కల్పించాలని మా మనవి. అనువాదం, ప్రచురణ పనుల్లో ఉన్నవాళ్లం కాబట్టి, ఇలాంటి పని ఎక్కడెక్కడ ఆగిపోతుందో కూడా రాస్తున్నాం.

తెలుగు పాఠకుడికి ఆఫ్రికా సాహిత్యం కొత్త కాదు. నైజీరియా రచయిత అచెబె, కెన్యా రచయిత గూగీ నవలలు మనకు ఎప్పుడో అందాయి. కెన్యాలోని కమిటి జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద గూగీ తన మాతృభాష గికుయూలో రాసిన నవల కూడా తెలుగులో ఉంది. ఆఫ్రికాతో హైదరాబాద్ అనుబంధమూ పాతదే: నిజాం కొలువులోని ఆఫ్రికన్ ఆశ్విక దళం పేరే ఇవాళ్టి ఏసీ గార్డ్స్ పేటకు ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మన దాకా వచ్చినవాటిలో ఎక్కువ భాగం లండన్ మీదుగా వచ్చిన ఇంగ్లిషు పుస్తకాలు. ఈ జల్లెడ పాతదే. 1962లో ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరె యూనివర్సిటీ కాలేజీలో జరిగిన ఆఫ్రికా రచయితల సదస్సు ఇంగ్లిషులో రాసేవాళ్ల కోసమే పెట్టింది. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలిలో అంత పేరున్న కవి షాబాన్ రాబర్ట్‌కు అందులో చోటు లేకపోయింది. మనం కూడా అదే జాబితా పట్టుకుంటే కొత్త వేదిక దండగ.

అందుకే ఎంపిక దగ్గరే జాగ్రత్త పడాలి. ఆఫ్రికా ప్రచురణకర్తలు కలిసి పెట్టుకున్న ఆఫ్రికన్ బుక్స్ కలెక్టివ్ జాబితాలో అక్కడి చిన్న సంస్థల పుస్తకాలు ఒకేచోట దొరుకుతాయి. స్వాహిలి రచనలకైతే 2014లో మబాటి-కార్నెల్ పేరుతో మొదలై, ఇప్పుడు సఫాల్-కార్నెల్ అంటున్న బహుమతి పొందినవి చూడొచ్చు. ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఫ్రెంచి, అరబిక్ చదివిన తెలుగువాళ్లు నగరంలోనే ఉన్నారు. సెనెగల్ నవలను ఫ్రెంచి నుంచి, సూడాన్ కథను అరబిక్ నుంచి నేరుగా తేవడానికి వాళ్లు చాలు. ఇంగ్లిషు మెట్టు ఎక్కి దిగాల్సిన పనిలేదు.

తర్వాత హక్కులు. అసలు తలనొప్పి ఇక్కడే. రచయిత సంతోషంగా సరేనంటారు, కానీ అనువాద హక్కులు ఆయన చేతిలో ఉండకపోవచ్చు. ప్రపంచ హక్కులన్నీ మొదటి ప్రచురణకర్తకే రాసిచ్చి ఉండొచ్చు. కాబట్టి మొదటి ఉత్తరంలోనే ‘తెలుగు హక్కులు ఎవరివి?’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒప్పందంలో తెలుగు భాష, అచ్చు, ఈబుక్, ఆడియో, గడువు, ప్రతుల సంఖ్య విడివిడిగా ఉండాలి.

డబ్బు లెక్క చూడండి. 250 రూపాయల పుస్తకం, వెయ్యి కాపీలు, 7 శాతం రాయల్టీ అనుకుంటే మొత్తం 17,500 రూపాయలు. అంత చిన్న మొత్తానికి విదేశీ ఏజెంటు జవాబు రాయడం కూడా కష్టమే. పైగా 2023 నుంచి విదేశీయులకిచ్చే రాయల్టీ మీద ఇక్కడే 20 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయాలి, సెస్సు అదనం. కెన్యాతో పన్ను ఒప్పందం ఉంది కాబట్టి అక్కడి రచయితకు 10 శాతమే. కానీ వాళ్ల పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం డబ్బు పంపకముందే చేతికి రావాలి. బ్యాంకు ఫారంలో ‘ఛార్జీలు పంపేవారివే’ అని టిక్కు పెట్టకపోతే మధ్యలో ఉన్న బ్యాంకులు కూడా తలా కాస్త కోసుకుంటాయి. పదిమంది కథలతో సంకలనం వేస్తే ఇంకా అన్యాయం: తలా 1,750 రూపాయలు, పది ఒప్పందాలు, పది బదిలీలు. అందుకే సంకలనాలకు శాతాలు మాని, కథకు పదివేలు ఏకమొత్తంగా ఇవ్వండి. నవలకైతే కనీసం 50 వేల అడ్వాన్సు మీ శాఖ భరించాలి.

అనువాదకులను మరిచిపోవద్దు. అరవై వేల మాటల నవలను రోజుకు ఐదువందల మాటల చొప్పున చేస్తే 120 పనిదినాలు పడుతుంది. మాటకు రూపాయి ఇచ్చినా అరవై వేలే. ఆ సొమ్ములో సగం ఒప్పందం నాడు, సగం రాతప్రతి అందిన నాడు ఇవ్వాలి. అనువాదకుడి పేరు అట్ట మీద ఉండాలి.

ప్రయాణం సంగతి. 2025లో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం మొదలైంది కాబట్టి దారి సులువైంది. వీసా మాత్రం కాన్ఫరెన్స్ వీసాయే కావాలి, టూరిస్టు వీసా మీద పిలవొద్దు. దానికి నిర్వాహకుల ఆహ్వానం, విదేశాంగ శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి ప్రభుత్వం అడిగితే కదిలినంత తేలిగ్గా మాలాంటివాళ్లు అడిగితే కదలదు. ఇక పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా. కెన్యా, నైజీరియా, ఘనా, ఇథియోపియా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా పత్రం తప్పనిసరి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈలోపు సభ కాస్తా అయిపోతుంది. దక్షిణాఫ్రికా రచయిత ఆడిస్‌లో విమానం మారుతున్నా సరే, పత్రం వెంట తెచ్చుకోమనడమే మేలు.

సభ గురించి ఒక్క మాట, కోపగించుకోకండి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముగ్గురు ముఖ్య అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి రచయితకు మిగిలేది పది నిమిషాలు. గంట సమయంలో ఐదు నిమిషాలు రచయిత తన భాషలో చదవాలి, పది నిమిషాలు అదే భాగం తెలుగులో వినిపించాలి, అరగంట సంభాషణ, పావుగంట ప్రశ్నలు. మైకు పట్టుకునేది ఆ పుస్తకం చదివినవాళ్లే అయి ఉండాలి. 54 దేశాలను ‘ఆఫ్రికా’ అని ఒకే గంటలో కుక్కొద్దు. ఒక్కో ఏడాది ఇద్దరు ముగ్గురు రచయితలు చాలు.

డిసెంబరు ప్రదర్శనకు పుస్తకం చేతిలో ఉండాలంటే జనవరిలో హక్కుల ఉత్తరాలు వెళ్లాలి, మార్చికల్లా ఒప్పందాలు కుదరాలి. ఆగస్టు చివరికి రాతప్రతి, సెప్టెంబరులో వీసా కాగితాలు, అక్టోబరులో ప్రూఫులు, నవంబరులో అచ్చు. జిల్లా గ్రంథాలయ సంస్థల ఆర్డరు అచ్చుకు ముందే వస్తే ఎన్ని కాపీలు వేయాలో తేలిపోతుంది. ఈ పనంతటికీ పేరు పెట్టి ఒక అధికారిని నియమించి, హక్కుల అడ్వాన్సుల సొమ్మును మార్చిలోపే విడుదల చేయించండి. ప్రదర్శన అయ్యాక బిల్లు పెట్టి తీసుకోమంటే, ఒప్పందాల దగ్గరే పని ఆగిపోతుంది.

ఇట్లు,
కొందరు అనువాదకులు, చిన్న ప్రచురణకర్తలు