మంత్రిగారూ, మా ఎనిమిది కిలోమీటర్లకి ట్రామ్ అయినా చాలు

పట్టణ రవాణా చూసే మంత్రిగారికి నమస్కారం.

తార్నాక–ఈసీఐఎల్ రూటు గురించి నాలుగు అర్జీలు ఇచ్చాను సార్. రెండు చేతికిచ్చా, ఒకటి పోస్టులో పంపా, ఒకటి ఆన్‌లైన్లో పెట్టా. ఆ ఆన్‌లైన్ దానికి మాత్రం జవాబొచ్చింది, "మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది" అని. రెండ్రోజులకే "క్లోజ్ చేయబడినది" అని ఇంకో మెసేజ్. అంత స్పీడుగా పరిశీలించినందుకు థాంక్స్ సార్, ఆ స్పీడు మా రోడ్డు మీద కూడా ఉంటే ఈ లెటర్ రాసే పనే ఉండేది కాదు.

మాది హైదరాబాద్‌లో కుషాయిగూడ. ఆఫీసు రాయదుర్గం. పొద్దున ఎనిమిదింటికి ఈసీఐఎల్ చౌరస్తాలో నిలబడతా. అక్కణ్ణుంచి తార్నాక ఎనిమిది కిలోమీటర్లే, మామూలు రోజుల్లో యాభై నిమిషాలు పడుతుంది, వాన పడిందా గంటంబావు. తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఇరవై కిలోమీటర్ల పైనే, అది ముప్పావు గంటలో దింపేస్తుంది. అంటే నా టైమంతా తినేది ఆ చిన్న ముక్కే. బస్సు దొరికితే ఫుట్‌బోర్డు, దొరక్కపోతే షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు, ఒక కాలు బయట. ఆడవాళ్ళకి జీరో టికెట్ వచ్చాక బస్సులు ఇంకా నిండిపోయాయి, వాళ్ళనేం అనట్లేదు, మా ఆవిడ కూడా అందులోనే వెళ్తుంది, కానీ జనం పెరిగారని తెలిశాక బండ్లు కూడా పెరగాలి కదా. మౌలాలి కమాన్ దగ్గర బస్సు ఆగిందంటే కండక్టరమ్మ ఇంటికి ఫోన్ చేసి కూర ఏం వండాలో చెప్పి, పిల్లాడు స్నానం చేశాడో లేదో అడిగి, ఫోన్ పెట్టేసి చూస్తే కూడా బస్సు అక్కడే ఉంటుంది. మౌలాలి మీదుగా ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది కదా అంటారు కొందరు. ఉంది. దాని టైములు చూసినవాళ్ళు ఆ మాట అనరు.

ఇప్పుడు అసలు బాధ. 2023 జులై ఆఖర్లో అప్పటి కేబినెట్ 69 వేల కోట్లతో మెట్రో ప్లాన్ ఒకటి ప్రకటించింది, అందులో తార్నాక నుంచి ఈసీఐఎల్ 8 కిలోమీటర్లు అని మా పేరు కూడా ఉంది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు స్వీట్ బొమ్మలే బొమ్మలు. ఇళ్ళ ఓనర్లు ఆ నెల్లోనే అద్దెలు పెంచేశారు సార్, మెట్రో రాలేదు గానీ మెట్రో అద్దె వచ్చింది. ఎన్నికలయ్యాయి, లిస్టు మారింది. రెండో దశ అని 76.4 కిలోమీటర్లకి 24,269 కోట్లతో కొత్తది తయారైంది, నాగోలు నుంచి ఎయిర్‌పోర్టు, మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్, అందరూ ఉన్నారు, మేం లేం. 2025 జనవరిలో మేడ్చల్, శామీర్‌పేట కూడా కలుపుతామన్నారు, సంతోషం, వాళ్ళూ మనుషులే. ఆ రూట్లకీ నాగోలు లైనుకీ మధ్యలో మేం ఇరుక్కుపోయాం.

సరే లిస్టులో ఉన్నవాళ్ళైనా హాయిగా ఉన్నారా అంటే రాయదుర్గం–శంషాబాద్ ఎయిర్‌పోర్టు మెట్రో సంగతి చూడండి, 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, 2022 డిసెంబర్ 9న శంకుస్థాపన, ఏడాది తర్వాత రద్దు. రాయి మాత్రం మిగిలింది. అందుకే లిస్టులో పేరు పెట్టమని కూడా నేను అడగట్లేదు.

లెక్క నేనే చెప్తా, తప్పైతే మీ ఇంజనీర్లు దిద్దుతారు. 24,269 కోట్లని 76.4తో భాగిస్తే కిలోమీటరుకి దాదాపు 318 కోట్లు. మా 8 కిలోమీటర్లకి రెండున్నర వేల కోట్లు. ఇవ్వలేరు, తెలుసు. ఉన్న మెట్రోనే ఎల్ అండ్ టీ నుంచి 13 వేల కోట్ల అప్పుతో సహా తీసుకుంటామని 2025లో ఒప్పుకోవాల్సి వచ్చింది, గరిష్ట టికెట్ 60 రూపాయల నుంచి 75కి పెంచి, జనం గోల పెడితే 69కి దించారు. డబ్బుల్లేవని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి. మరి 2019లో కేంద్రమే మెట్రోలైట్ అని, ట్రామ్ లాంటి చిన్న రైలుకి రూల్స్ ఇచ్చింది కదా సార్, మెట్రో ఖర్చులో 40 శాతం లోపే అయిపోతుందని చెప్పింది కూడా వాళ్ళే. రోడ్డు మీదే పట్టాలు, పక్కన కంచె, మూడు పెట్టెల బండి, ఒక్కో బండిలో మూడొందల మంది, స్టేషన్ అంటే బస్టాప్ కన్నా కాస్త పెద్ద షెడ్డు. బ్యాగు స్కానింగూ లేదు, గేట్లూ లేవు, టికెట్ బండిలోనే. గంటకి ఒకవైపు 15 వేల మంది దాకా పోవచ్చట. మా రూటుకి అంతకన్నా ఎవరున్నారు? జేబీఎస్–ఎంజీబీఎస్ లైను చూడండి, పూర్తి స్థాయి మెట్రో వేశారు, మూడు లైన్లలో తక్కువ జనం ఉండేది దాంట్లోనే.

ట్రామ్ అనగానే కలకత్తాలో గంట కొట్టుకుంటూ పోయే ముసలి బండి గుర్తొచ్చి నవ్వుతారు. ఫ్రాన్స్‌లో నాంత్ అనే ఊళ్ళో కూడా అలాగే నవ్వి 1958లో పీకేశారు, 1985లో మళ్ళీ వేసుకున్నారు. మొరాకోలో కాసాబ్లాంకా 2012లో వేసుకుంది. ఇథియోపియాలో అడిస్ అబాబాలో 2015లో మొదలుపెట్టారు గానీ స్పేర్ పార్టులు లేక బండ్లు షెడ్లో పడ్డాయి, అది కూడా దాచకుండా చెప్తున్నా, వేసి వదిలేస్తే ఏదైనా అంతే. మౌలాలి దగ్గర రోడ్డు ఇరుకు, అది నాకూ తెలుసు, రోజూ అందులోనే నిలబడతా. అక్కడ ఒకటి రెండు కిలోమీటర్లు పిల్లర్ల మీద వెయ్యండి, మిగతాది కింద. మొత్తం గాల్లోనే ఉండాలని ఎవరు పట్టుబట్టారు సార్? ఫ్లెక్సీలో బాగా పడుతుందనా?

ఒకప్పుడు కేపీహెచ్‌బీ నుంచి కోకాపేటకి ఎత్తుమీద బస్సు దారి అన్నారు, తర్వాత అదే మెట్రో నియో, అంటే రబ్బరు టైర్ల కరెంటు బండి అన్నారు, చివరికి ఏదీ లేదు. చవక ఐడియా వచ్చిన ప్రతిసారీ పేరు మారుస్తారు, పెద్దది చేస్తారు, పెద్దదయ్యాక డబ్బుల్లేవంటారు. దయచేసి మా దాన్ని పెద్దది చెయ్యకండి. సర్వే చేయించండి చాలు. తార్నాక–ఈసీఐఎల్ మధ్య లైట్ రైలుకి ఎంతవుతుందో ఒక్క కాగితం మీద రాయించి బయట పెట్టండి. కుదరదంటే ఎందుకు కుదరదో అదే కాగితం మీద రాయండి, ఇంక అడగను. లేదు, అడుగుతా, కానీ కాస్త మర్యాదగా అడుగుతా.

అప్పటిదాకా పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య నాలుగు బస్సులు ఎక్కువ వెయ్యమని చెప్పించండి, దానికి డీపీఆర్ అనే పెద్ద ప్రాజెక్టు రిపోర్టు కూడా అక్కర్లేదు.

నాలుగో అర్జీ రసీదు నంబరు నా ఫోన్లో ఉంది. క్లోజ్ అయింది తెరవడం కుదురుతుందంటే పంపిస్తా.

ఇట్లు,
ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ నిలబడే మనిషి