ఒంగోలు ప్రార్థన కొండ మీద కలిసిన అమ్మగారికి కృతజ్ఞతలు

కుటుంబాలు కూలిపనులకు వలసపోయి, ఆదివారం ఆరాధనకు వచ్చేవారు తగ్గి, ఆ ఏడు ఒక్క బాప్తిస్మమైనా జరగక, సంఘకాపరిగా నా పిలుపునే నేను శంకించుకుంటున్న రోజుల్లో, ఒంగోలు ప్రార్థన కొండ మీద నా పక్కన కూర్చుని మాట్లాడిన పెద్దావిడకు, పేరు అడగడం కుదరనందున, ఇలా బహిరంగంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

అమ్మా, అరిగిన అట్టకు గుడ్డ అతికించుకున్న మీ బైబిలులో లూకా సువార్త 10వ అధ్యాయం తెరిచి, దయ్యాలు లోబడ్డాయని సంబరపడుతూ తిరిగివచ్చిన డెబ్బదిమంది శిష్యులతో, తమ పేర్లు పరలోకంలో వ్రాయబడినందుకు సంతోషించమని ప్రభువు చెప్పిన మాటను వేలుపెట్టి చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన ప్రాంతపు విశ్వాసులందరూ చెప్పుకుంటారు. అయితే 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారితో ఈ కొండెక్కి మోకరించిన కొద్దిమంది, ఆ పంట కంటికి కనబడకముందే దేవుని బిడ్డలు కారా అని మీరడిగారు. "అయ్యగారూ, మీరు ముందు ఆయన బిడ్డ, తరువాతే కాపరి" అన్నారు. సేవను తేలిక చేయకుండానే సేవకుణ్ణి నిలబెట్టిన మాట అది.

ఇప్పుడు ఆరాధనకు ఎందరు వచ్చారో చూసుకోకముందే ప్రభువుకు స్తోత్రం చెప్పగలుగుతున్నాను. మీరు ఏ ఊరి సంఘస్థులైనా, మా ఇంటి కుటుంబ ప్రార్థనలో మిమ్మల్ని ప్రతి రాత్రీ జ్ఞాపకం చేసుకుంటున్నాము.