ఫలోంబే నుంచి వందనాలు: నా జబ్బులో ఆదుకున్న అందరికీ

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను బాగున్నాను. మొన్నటినుంచి నీళ్ళ బకెట్టు మళ్ళీ నేనే మోసుకొస్తున్నాను. సగం బకెట్టే లెండి, నిండుగా ఎత్తితే పక్కింటి అగోగో ఊరుకోవడం లేదు. అగోగో అంటే ఇక్కడ అవ్వ. ఈ పోస్టులో ఆవిడ చాలాసార్లు వస్తుంది.

ఒంగోలు, గుంటూరు, హైదరాబాద్, దుబాయ్, డల్లాస్, ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేశారు, డబ్బు పంపారు, సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఎవరికీ విడిగా జవాబు రాయలేకపోయాను. మా ఊళ్ళో సిగ్నల్ అందేది కొండవైపు గట్టెక్కి నిలబడితేనే, నాకేమో మొన్నమొన్నటిదాకా గుమ్మం దాటే ఓపిక లేదు. అందుకని అందరికీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మేముండేది మలావి దేశం దక్షిణాన, ఫలోంబే జిల్లాలో, ములాంజే కొండ కింద ఒక పల్లెలో. ఈ కొండ 3,002 మీటర్ల ఎత్తు. పొద్దున్నే చూస్తే సగం పైన మబ్బే కనిపిస్తుంది. నవంబరులో వానలు మొదలై మార్చి, ఏప్రిల్ దాకా పడతాయి, వాటితోపాటే మలేరియా. మాకూ అది కొత్తేం కాదు. ఊరి ఆరోగ్య కార్యకర్త వేలికి సూది గుచ్చి కిట్ పెట్టి చూస్తాడు, మూడు రోజులు మాత్రలు మింగుతాం, నాలుగో రోజు మామూలుగా బట్టలు ఉతుక్కుంటాం. ఈసారి అలా తేలిపోలేదు. మింగిన మాత్ర మింగినట్టే వాంతి అయింది, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది, చివరికి మాట తడబడి నేను తెలుగులో మాట్లాడుతున్నానో ఇక్కడి భాష చిచెవాలో మాట్లాడుతున్నానో తెలియని స్థితికి వచ్చాను. అయ్యగారు, అంటే ఇక్కడ పాస్టరుగా ఉన్న మా ఆయన, ఆ వారం జోంబా పట్టణంలో పాస్టర్ల శిక్షణలో ఉన్నారు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు.

మా అబ్బాయి పరిగెత్తుకెళ్ళి అగోగోని పిలుచుకొచ్చాడు. ఆ తర్వాతంతా ఊరిదే. కబాజా అని ఇక్కడ సైకిల్ టాక్సీలుంటాయి, వెనక క్యారియర్ మీద దిండు వేసి మనుషుల్ని ఎక్కించుకుపోతారు. నన్ను దాని మీద కూర్చోబెట్టి, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డతో తొక్కే కుర్రాడి నడుముకు కట్టేశారు. ఇంకో కుర్రాడు పక్కన పరిగెత్తుతూ నా వీపు పట్టుకున్నాడు. బురదలో చక్రం దిగబడినప్పుడల్లా ఇద్దరూ కలిసి సైకిల్‌ని నాతో సహా ఎత్తారట. అలా హెల్త్ సెంటర్‌కి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి. ఆ సైకిల్ కుర్రాడు యావో తెగ ముస్లిం, మా సంఘం వాడు కాదు. కిరాయి ఇవ్వబోతే అయ్యగారి చెయ్యి పక్కకి తోసి, "అమాయి (అమ్మగారు) బాగున్నారా?" అని మాత్రం అడిగాడట. తమ్ముడూ, నువ్విది చదవలేవని తెలుసు, అయినా నీ పేరు మీద వందనం ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇక్కడ సర్కారు ఆసుపత్రిలో వైద్యం ఉచితం. కాని రోగితో గార్డియన్ ఉండి తీరాలి. నర్సులు తక్కువ, మంచాలు కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి రోగిని కడగడం, తినిపించడం, గుడ్డలు ఉతకడం, మందు వేళకి నర్సుని లేపడం అన్నీ గార్డియన్ పనే. ఆసుపత్రి ఆవరణలో వాళ్ళ కోసం ఒక షెడ్డు ఉంటుంది. అక్కడే మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని అక్కడే చాప వేసుకుని పడుకుంటారు. నాకు గార్డియన్‌గా వచ్చింది అగోగో కూతురు.

ఆమె ఏం వదులుకుని వచ్చిందో మీకు తెలియాలి. జనవరి, ఫిబ్రవరి ఇక్కడ ఆకలి నెలలు. పోయిన పంట మొక్కజొన్న అప్పటికి అయిపోతుంది, కొత్త పంట ఏప్రిల్‌కి గాని చేతికి రాదు. ఇంట్లో గింజ లేని వాళ్ళు వేరేవాళ్ళ చేలల్లో గన్యు, అంటే కూలి చేసుకుని, ఏ రోజు పిండి ఆ రోజు తెచ్చుకుంటారు. సొంత చేలో కలుపు తీసి మొక్క మొదళ్ళకి మన్ను ఎగదోయాల్సింది కూడా సరిగ్గా అప్పుడే, ఆలస్యమైతే కంకి గట్టిపడదు. నా మంచం దగ్గర కూర్చున్న ప్రతి రోజూ ఆమెకి కూలి పోయింది, చేనూ వెనకబడింది. ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఇంటికొచ్చాక చూస్తే ఆమె చేలో మన్ను ఎగదోసి ఉంది. సంఘంలోని ఆడవాళ్ళు, పక్కవాడలో వేరే సంఘానికి వెళ్ళే వాళ్ళు కూడా, వంతులు వేసుకుని చేశారట. ఆమె పిల్లలకి నసిమా, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, పెట్టింది కూడా వాళ్ళే. తమకే ఒక పూట తిండి ఉన్న నెలలో.

రక్తం ఎక్కించాలన్నప్పుడు క్వయిర్‌లో పాడే కుర్రాళ్ళు వచ్చి ఇచ్చారు. దీని మీద అగోగో వేసిన జోకు ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది. ఇక్కడి లోమ్వే తెగ వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది, పిల్లలు తల్లి వంశానికే చెందుతారు. "మా రక్తం ఎక్కింది కాబట్టి నువ్వు లోమ్వే పిల్లవి. నీ పిల్లలూ మా పిల్లలే. పాస్టరు గారొక్కరే పరాయివాడు" అంది. అయ్యగారు దానికి ఏం జవాబు చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నారు.

ఇక ఇల్లు. నేనుంటే నా రోజు ఇలా ఉంటుంది: తెల్లారకముందే బోరింగు దగ్గర బకెట్ల వరస, కట్టెలు, వాకిలి ఊడ్పు (ఊడవని వాకిలి ఇక్కడ పెద్ద తప్పు), పిల్లల బడి, వారానికోసారి మొక్కజొన్నలు నెత్తిన పెట్టుకుని చిగాయో అనే పిండిమరకి నడక, మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థన, రోగుల ఇళ్ళకి వెళ్ళి రావడం. నేను లేనన్ని రోజులూ ఇందులో ఒక్కటీ ఆగలేదు. నీళ్ళు ఒకరు తెచ్చారు, మరకి ఇంకొకరు వెళ్ళారు, మా అబ్బాయి యూనిఫాం ఎవరు ఉతికారో నాకు ఇప్పటికీ తెలియదు. రోగుల పరామర్శ కూడా ఆగలేదు. పాస్టరమ్మ మంచాన పడితే మిగతా రోగుల సంగతేంటని ఆ పని కూడా పంచుకున్నారు.

పిల్లలు ఏ ఇంట్లో పొయ్యి వెలిగితే ఆ ఇంట్లో తిన్నారు. గుమ్మడాకు, వేరుశనగ పొడి వేసి వండిన కూర, చిల్వా సరస్సు నుంచి వచ్చే ఎండు చేపలు. పెద్దవాడికి ఇవన్నీ ఇష్టమే. చిన్నదానికైతే అన్నం కంటే నసిమానే ముద్దు, వేళ్ళతో ముద్ద నొక్కి గుంట చేసి కూర ముంచుకోవడంలో నాకంటే నేర్పరి. పెద్దవాడు మాత్రం ఒక రోజు ములక్కాడ చారు కావాలని ఏడ్చాడట. మునగచెట్టు ఇక్కడా ఇంటింటా ఉంది, కాని మా ఊళ్ళో ఆకే తింటారు. మేం కాయలు నములుతుంటే అగోగో మొదట్లో "పుల్లలు తినే జనం" అని నవ్వేది. ఆ ఆవిడే ఆ రోజు చెట్టు కింద నిలబడి కాయలు కోయించి, పప్పులో వేసి ఉడకబెట్టి వాడికి పెట్టింది. రుచి ఎలా ఉందిరా అంటే "పుల్లల్లాగే ఉంది" అన్నాడు.

పప్పు అంటే కందిపప్పే. చాలామంది "అక్కడ కందిపప్పు దొరుకుతుందా, పంపమంటారా?" అని అడుగుతారు. అమ్మా, మీ ఇంటి పప్పుడబ్బాలో ఉన్నది మా ఊరి దగ్గర పండిందే అయినా కావచ్చు. ఇక్కడ నందోలో అంటారు. మొక్కజొన్నలో అంతరపంటగా వేస్తారు, వానలు వెనక్కిపోయాక జులై, ఆగస్టులో కోస్తారు. మలావి నుంచి ఏటా 50 వేల టన్నుల కందులు కొంటామని భారత ప్రభుత్వం 2021లో ఒప్పందం చేసుకుంది. అంతకుముందు 2017లో మన దేశం కందుల దిగుమతికి పరిమితి పెట్టేసరికి ఇక్కడి ధర ఒక్కసారిగా పడిపోయింది. ఆ ఏడు గురించి మా ఊరి రైతులు ఇప్పటికీ నన్నే అడుగుతారు, ఢిల్లీలో నేనేదో సంతకం పెట్టినట్టు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళు బ్లాంటైర్ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు కుటుంబం మమ్మల్ని ఇంట్లో పెట్టుకుంది. పెట్రోలు కోసం బంకుల దగ్గర కార్లు బారులు తీరి ఉన్న రోజులవి. ఆ అన్న రాత్రంతా లైన్లో నిలబడి ట్యాంకు నింపుకుని మా కోసం వచ్చాడు. అక్క పెసరకట్టు, మిరియాల చారు, లింబే బజారులో గుజరాతీ వాళ్ళ కొట్లో తెచ్చిన ఇంగువతో పోపు. ఆ వాసనకే నాకు సగం ఆకలి తిరిగొచ్చింది. అక్కా, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మీరు పంపిన డబ్బు లెక్క. బ్లాంటైర్‌లో చేయించిన పరీక్షలకీ, మందులకీ, ప్రయాణాలకీ కొంత అయింది. గార్డియన్‌గా ఉన్న చెల్లికి పోయిన కూలి కింద మొక్కజొన్నల బస్తా ఇచ్చాం. డబ్బంటే ఆమె పుచ్చుకునేది కాదు, బస్తా అయితే "పిల్లల కోసం" అని తీసుకుంది. మిగిలినదాన్ని ఏం చేయమంటారని అడిగితే మీలో ఎక్కువమంది ఊరి కోసమే ఖర్చు పెట్టమన్నారు. ఊరిపెద్ద దగ్గర కూర్చుని మాట్లాడితే అందరూ బోరింగు పేరే చెప్పారు. మాది ఆఫ్రిదేవ్ పంపు, దాని మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటుంది. పల్లెవాళ్ళే విప్పి బాగుచేసుకునేలా తయారుచేసిన పంపు అది, కాని లోపలి సీళ్ళు అరిగి కొన్ని నెలలుగా ముప్ఫై సార్లు కొడితే గాని నీళ్ళు పడటం లేదు. సీళ్ళు, రాడ్లు కొని, నీటి కమిటీ ఆడవాళ్ళే విప్పి మార్చారు. మిగతాది కమిటీ పెట్టెలో వేశాం. రసీదులన్నీ అయ్యగారి దగ్గర ఉన్నాయి, అడిగితే ఫోటో తీసి పంపుతారు.

ఒక్క విషయం మాత్రం నొచ్చుకోకుండా వినాలి. ఆసుపత్రి షెడ్డులో తీసిన ఒక ఫోటో మన వాట్సాప్ గ్రూపుల్లో "చీకటి ఖండంలో అలమటిస్తున్న దిక్కులేని జనం మధ్య మన సేవకురాలు" అని తిరుగుతోందని విన్నాను. ప్రేమతోనే రాసి ఉంటారు. దయచేసి అది తీసేయండి. ఆ ఫోటోలో పొయ్యి ఊదుతున్నది నా గార్డియన్. ఆ రోజు దిక్కులేకుండా ఉన్నది నేను, దిక్కైనది ఆమె. అగోగో సంగతి చూడండి. 1991లో కొండ మీంచి వచ్చిన వరద ఈ జిల్లాని ఊడ్చేసినప్పుడు బతికి బయటపడింది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానులో పచ్చి ఇటుకల ఇల్లు కూలిపోతే మళ్ళీ కట్టుకుంది. ఇంత చూసిన మనిషి గురించి జాలిగా రాస్తే నాకు సిగ్గుగా ఉంటుంది.

మన తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపాయని సండే స్కూల్లో విన్నాం. ఆయన వెళ్ళింది అక్కడి తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల దగ్గరికి. దిగిన రోజునే తెలుగులో వాక్యం చెప్పగలిగి ఉంటారు. మేం దిగిన రోజున మాకు నీళ్ళు అడగడం కూడా రాదు. మాట నేర్పింది, మొక్కజొన్న దంచడం నేర్పింది, గుమ్మం బయట నిలబడి "ఓదీ" అని పిలిచి "ఓదీనీ" అని లోపలినుంచి వినపడ్డాకే అడుగుపెట్టాలని నేర్పింది ఈ ఆడవాళ్ళే. అయ్యగారికి బావో ఆట నేర్పింది ఊరిపెద్ద. మన వామనగుంటల్లాంటిదే కాని నాలుగు వరసలుంటాయి, ఇంకా ఒక్క ఆటా గెలవలేదు పాపం.

ఇక్కడ కృతజ్ఞత చెప్పాలంటే మైకులో చెబితే సరిపోదు, ఇంటింటికీ వెళ్ళాలి. చక్కెర పొట్లం, సబ్బు బిళ్ళ పట్టుకుని రోజుకి కొన్ని ఇళ్ళు తిరుగుతున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా చప్పట్లు కొట్టి, "జికోమో" అంటే వాళ్ళూ అలాగే కూర్చుని తిరిగి చెబుతారు. కాస్త సేపు మాట్లాడకుండా లేవకూడదు, కాబట్టి చాలా ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి.

మీ ఇళ్ళకి రాలేను గనుక ఒక ఏర్పాటు చేశాం. ఈ నెలాఖరు ఆదివారం సంఘంలో స్తుతి ఆరాధన పెట్టుకున్నాం. సాయం చేసిన అందరి పేర్లూ అక్కడ చదువుతారు. పేరు చెప్పకుండా డబ్బు పంపినవాళ్ళు కొందరున్నారు, ఇష్టమైతే అయ్యగారికి మెసేజ్ పెట్టండి, ఇంటిపేరు అక్కర్లేదు. చదివేది సండే స్కూల్ టీచరు. ఇక్కడివాళ్ళ నోట ర, ల ఒకదాని బదులు ఒకటి పలుకుతాయి. రాజుగారు లాజుగారైనా, లీలమ్మ రీరమ్మ అయినా ఏమీ అనుకోకండి, వీడియో తప్పకుండా పంపుతాను.