పదహారు వన్డేలు ఆడితే చాలదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

తెలుగు కామెంటరీ మీద మొన్న మీరు వేసిన ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. పెద్ద పేర్లు లేవు, పట్టుమని ఇరవై వన్డేలు ఆడనివాళ్ళు కూడా మనకి ఆట చెప్పడమేమిటి, దానికన్నా ఇంగ్లిష్‌లో చూసుకోవడం మేలు అని ఆయన గోల. హైదరాబాద్‌లో ఉన్నాయన, ఏమైనా అనగలడు. నేను ఒడిశాలోని రాయగడలో ఉంటాను. మా మనవడికి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కానీ తెలుగు అక్షరం ముక్క రాదు, ఈ ఉత్తరం మీరు వేసినా వాడికి నేనే చదివి వినిపించాలి. వాడు ఇంటి బయట తెలుగు వినేదంటూ ఉంటే అది మ్యాచ్ కామెంటరీలోనే. (అదీ ఊరికే రాలేదు, ఆ తెలుగు ఛానెల్ పెట్టమని మా కేబుల్ కుర్రాడి వెనకాల రెండు నెలలు తిరిగాను.)

ఆ పాఠకుడు ఎవరి పేరూ రాయలేదు గానీ ఆ విసురు తెలుగు కామెంటరీ చెప్పిన మన విశాఖ మాజీ ఆటగాడు వేణుగోపాలరావు మీదేనని తెలుస్తూనే ఉంది. నిజమే, 16 వన్డేలే ఆడాడు, చేసింది 218 పరుగులు, ఒక్కటే ఫిఫ్టీ, అదీ 2006లో అబుదాబిలో పాకిస్తాన్ మీద 61 నాటౌట్. అయితే అంతకుముందు సంగతేమిటి? 2000లో కైఫ్ కెప్టెన్సీలో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2004లో గుర్‌గావ్‌లో దులీప్ ట్రోఫీలో, అంటే మన దేశవాళీ జోన్ల పోటీలో, వేణు ఆడిన సౌత్ జోన్‌కి ఇంగ్లండ్ రెండో జట్టు ఇంగ్లండ్ ఎ 501 టార్గెట్ పెట్టింది, పీటర్సన్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టిన మ్యాచ్ అది, నాలుగో ఇన్నింగ్స్‌లో 501 అంటే ఎవరైనా డ్రా అయితే చాలు దేవుడా అనుకుంటారు, వేణు 228 కొట్టి నాటౌట్‌గా నిలబడి గెలిపించాడు. ఆ ఆట ఆడిన మనిషికి నాలుగో రోజు పిచ్ గురించి చెప్పే అర్హత లేదంటే ఇంకెవరికి ఉందండీ?

2005 ఏప్రిల్ 5న ధోని పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు మేం నలుగురం రైలెక్కి విశాఖ వెళ్ళాం. తిరుగు రైలు తప్పిపోయి రాత్రంతా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాం, ఎవరికీ నిద్ర లేదు, అందరి నోటా ధోని జపమే. సరిగ్గా అదే ఏడాది జులై 30న శ్రీలంకలోని దంబుల్లాలో మన విశాఖ కుర్రాడు వేణు తొలిసారి ఇండియా టోపీ పెట్టుకున్నాడు, అదే రోజు రైనా కూడా. రైనా ఎక్కడికో వెళ్ళిపోయాడు, ఇతను ఏడాది తిరక్కుండా బయటికొచ్చాడు. మిడిలార్డర్‌లో యువరాజ్, కైఫ్, ధోని ఉన్న రోజులవి, చోటు దొరకడమే గగనం. తర్వాత 2009లో డెక్కన్ ఛార్జర్స్‌తో ఐపీఎల్ కప్పు, 2019లో రిటైర్మెంట్.

నన్నడిగితే ఇలాంటి వాడే కామెంటరీకి కావాలి. జట్టులోకి రావడమూ తెలుసు, చోటు పోవడమూ తెలుసు. ఆరో నంబర్లో దిగినవాడు మొదటి పది బంతులు ఎందుకు తడుముకుంటాడో మా వాడికి అర్థమైంది ఇతని మాటల వల్లే, అదీ మా వైపు తెలుగులో. నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది, సిక్స్ పడగానే సినిమా డైలాగు కొట్టి గొంతు చించుకోవడం. బంతి ఎక్కడ పడిందో చెప్పరు. ఆ ఉత్తరం రాసినాయన దాని మీద రాసుంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణి.

వేణు 2024లో ఢిల్లీ క్యాపిటల్స్‌కి డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ అయ్యాడు. సంతోషమే, కానీ అతని కామెంటరీ వినే మాకు నష్టం.

ఒక చిన్న కోరిక. ఆ 501 మ్యాచ్ చూపించమని మనవడు నా ప్రాణం తీస్తున్నాడు, ఫోన్‌లో ఎంత వెతికినా నాకు దొరకలేదు. మీ పాత ఫైళ్ళలో ఆ స్కోరుకార్డు ఉంటే ఒక ఆదివారం వెయ్యండి, అంకెలైతే వాడే చదువుకుంటాడు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు, రాయగడ, ఒడిశా